పంతొమ్మిది గంటల దూరం

బెల్టు పెట్టుకున్న చప్పుడు చెవిలో ఉండగానే విమానం చక్రాలు నేలను తాకాయి.

మృదుల నిద్రపోలేదు. కళ్ళు మూసుకోను కూడా లేదు. విశాఖపట్నంలో సీట్లో కూర్చుంది. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి తల వెనక పట్టీ సర్ది మీట నొక్కింది. అంతే, కిటికీ బయట సాంటియాగో, దాని వెనక మంచు కొండలు. మధ్యలో పదిహేడు వేల కిలోమీటర్లున్నాయి. పంతొమ్మిది గంటలున్నాయి. అవి గడిచాయనడానికి ఒంటి మీద గుర్తులు కనిపిస్తున్నాయి. పాదాలు వాచి చెప్పులు బిగుతయ్యాయి. నాలుక మీద ఏదో తీపి మిగిలింది. కుర్తా మీద పప్పు మరక. తిన్నది తనే, సీట్ల మధ్య నడిచింది తనే, పక్కవాళ్ళు పలకరిస్తే జవాబు చెప్పిందీ తనే అయి ఉంటుంది. కానీ ఆ గంటల్లో ఒక్కటీ ఆమెలో నిలవలేదు.

ప్రయోగశాలలో దీన్ని అతుకు అనేవాళ్ళు. బట్టలో చిరిగిన ముక్క తీసేసి రెండంచులూ కలిపి కుట్టినట్టు, ప్రయాణం మొదలైన క్షణాన్నీ ముగిసిన క్షణాన్నీ కలిపెయ్యడం. మధ్య కాలాన్ని ఒళ్ళు మోస్తుంది. మనసు మోయదు.

బయలుదేరేటప్పుడు ఏడేళ్ళ తారిణి గుమ్మంలో ఆమె చున్నీ కొస పట్టుకుని, "అమ్మా, తాబేలు ఎప్పుడూ పెంకులోనే వంగి పడుకుంటుంది కదా, దానికి వెన్ను నొప్పి రాదా?" అని అడిగింది. కారు వాడు హారన్ కొడుతున్నాడు. ఆలోచించి చెప్తానంది మృదుల. పిల్ల చున్నీ లాగిన లాగుడు ఇంకా భుజం మీద ఉంది. ఇప్పుడేగా చూసింది. ఇంతలోనే బెంగ పెట్టుకోవడానికి ఏముంది?

అది ఆమె తొమ్మిదో ప్రయాణం. రెండు వారాలు విశాఖలోని ప్రయోగశాలలో, రెండు వారాలు సాంటియాగోలోని ప్రయోగశాలలో. కనిపెట్టిన పరికరాన్ని ముందు తన మీదే పరీక్షించుకోవాలని పట్టుబట్టింది తనే.

సాంటియాగో వచ్చిన నాలుగో రోజు ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికి వెళ్ళింది. లోపల్నించే, "తారీ, పాలు చూడవే!" అని కేకేసింది. జవాబు రాలేదు. వచ్చి చూస్తే పొయ్యంతా పాలు. పిల్ల దింపలేదేమని చిరాకు పడింది. ఆ చిరాకు పూర్తయ్యాక గానీ, తారిణి భూగోళానికి అవతలి వైపున ఉందన్న సంగతి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా అది ఏ దేశానికి ఏది రాజధాని అన్నట్టు, ఒక సమాచారంలాగే వచ్చింది.

పొయ్యి తుడుస్తూ ఆమె తనలోకి తను చూసుకుంది. పాప మీద ప్రేమ ఉంది. ఎక్కడికీ పోలేదు. కానీ పక్క గదిలో ఉన్న మనిషికి ఫోన్ చేస్తామా? పక్క గదిలో ఉన్న మనిషి కోసం కన్నీళ్ళు పెట్టుకుంటామా? నాలుగు రోజులుగా ఇంటికి ఫోన్ చెయ్యలేదని అప్పుడు తట్టింది. సాయంత్రం చేద్దామనుకుంది. చెయ్యలేదు.

*

రెండు వారాల తర్వాత అదే గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "రాదే. పెంకే దానికి వెన్నెముక" అంది.

సోఫాలో బొమ్మలు వేసుకుంటున్న తారిణి తలెత్తింది. "ఏంటి రాదు?"

"తాబేలుకి వెన్ను నొప్పి. ఇందాక అడిగావుగా."

"ఇందాక కాదు. అది ఎప్పుడో." తారిణి తల్లి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ చూపు అక్కడ దేనికోసమో వెతికి, దొరక్క, వెనక్కి వెళ్ళిపోయింది. "మా మిస్ చెప్పేసింది" అని మళ్ళీ బొమ్మలో తల దూర్చింది.

వంటగదిలోంచి సత్యవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మృదుల భర్త శశిధర్‌కి అక్క. కాకినాడలో కాలేజీ లెక్చరర్‌గా రిటైరై, మృదుల ప్రయాణాలు మొదలైనప్పటి నుంచి పిల్లను చూసుకోవడానికి ఇక్కడే ఉంటోంది.

"వచ్చారండీ కలెక్టరు గారు! కొత్తిమీర కట్టకోసం సందు చివరికెళ్ళొచ్చినట్టు వచ్చావేమే? భూమి చుట్టి వచ్చావు, కాస్త అలసటన్నా నటించకూడదూ?"

"అలసట లేదు వదినా. ఏం నటించను?"

"మా తమ్ముడి దగ్గర నేర్చుకో. పోర్టు నుంచి ఇంటికి అరగంట. వచ్చాడంటే ఈదుకుంటూ వచ్చినవాడిలా కూలబడతాడు."

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నారు. తారిణి బడికి వెళ్ళింది. సత్యవేణి ఉన్నట్టుండి అంది: "మొదటిసారి నువ్వెళ్ళినప్పుడు పిల్లకి మూడు రోజులు జ్వరం. గుర్తుందా? నీ పాత చీర పక్కలో వేస్తే గానీ పడుకునేది కాదు. బెంగ పెట్టుకుందని దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించాను. నువ్వు వచ్చి నవ్వావు."

"నేను నవ్వలేదు."

"నవ్వావు. నేనూ నవ్వేదాన్నే, చేసింది నేను కాకపోతే. ఇప్పుడు జ్వరం లేదు, గిరం లేదు. ఆ చీర తనే మడతపెట్టి బీరువాలో పెట్టేసింది."

"మంచిదేగా వదినా. అలవాటు పడింది."

సత్యవేణి చేతిలో కాయ చాలాసేపు అలాగే ఉండిపోయింది. "అలవాటు పడటం వేరే మృదులా. అలవాటు పడ్డ పిల్ల కూడా గేటు చప్పుడైతే పరిగెత్తుకొస్తుంది. ఇది కూర్చున్న చోటు నుంచి లేవలేదు. బెంగ ఉన్నన్నాళ్ళూ విసుక్కున్నాను. ఇప్పుడు లేదు, నాకు భయంగా ఉంది."

మృదుల ఇంకో కాయ అందుకుంది. తారిణి లేవలేదన్న సంగతి తను గమనించనే లేదని ఆలోచిస్తోంది. గమనించకపోవడానికి కారణం కూడా ఆమెకు తోచింది. తను కూడా పిల్ల లేచి రావాలని ఎదురు చూడలేదు. విశాఖలో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలైంది. సాంటియాగోలో గడిపిన రెండు వారాలూ వేరే గదిలో, తలుపు అవతల ఉండిపోయాయి. గదికీ గదికీ మధ్య నడవా లేదు. నడవా కట్టడం ఆపింది తనే.

*

అతుకు విమానాల కోసం పుట్టలేదు. కాలిన గాయాల వార్డులో పుట్టింది. మృదుల అక్కడ మనస్తత్వ నిపుణురాలిగా పనిచేసేది. కట్టు మార్చే వేళకి వార్డు అంతా ముందుగానే వణికేది. మత్తు తట్టుకోలేని రోగులుండేవారు. నొప్పిని ఆపలేనప్పుడు, నొప్పి గడిచిన కాలాన్ని మనసు దాచుకోకుండా చెయ్యొచ్చు కదా అని ఆమెకు తోచింది. తొలిసారి పట్టీ పెట్టించుకున్న మనిషి కట్టు మారుస్తున్నంతసేపూ కేకలు పెట్టి, అది అయిపోగానే మామూలు గొంతుతో, "ఎప్పుడు మొదలెడతారమ్మా?" అని అడిగాడు. మృదుల వరండాలోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చింది. ఆ సంతోషం అబద్ధం కాదని ఇప్పటికీ ఆమె నమ్మకం.

విమాన సంస్థ తర్వాత వచ్చింది. "పంతొమ్మిది గంటలు కుర్చీలో కూర్చోవడం కూడా కాలిన గాయమేనమ్మా. నా నడుముని అడుగు" అన్నాడు ప్రయోగశాల పెద్ద ప్రభంజనరావు. విశాఖలో కొండ వాలులో ఉన్న ఆ ప్రయోగశాలలో నవ్వు వినపడిందంటే అది ఆయనదే.

ఈసారి ఆమె వెళ్ళేసరికి ఆయన ఇంకా హుషారుగా ఉన్నాడు. "పరీక్ష విమానాల్లో ఇప్పటికి వేల మంది వెళ్ళొచ్చారు మృదులా. ఒక్కడంటే ఒక్కడు ఇంటి మీద దిగులు పడలేదు. నేను కుర్రతనంలో మస్కట్ వెళ్ళి వారం రోజులు బాత్రూమ్‌లో ఏడ్చాను తెలుసా? మా ఆవిడకి చెప్పకు, ఆవిడ కోసం కాదు ఏడ్చింది, మా అమ్మ పులుసు కోసం."

"చెప్పను సర్."

"బెంగ లేని ప్రయాణం! సంస్థవాళ్ళు టిక్కెట్టు మీద అదే వేయిస్తారట. వచ్చే నెల అందరికీ తెరుస్తారు. నువ్వు సరేననడమే తరువాయి. పదోసారి కూడా వెళ్ళొచ్చి, నాకేం కాలేదు అను, చాలు."

"నాకేం కాలేదు సర్" అంది మృదుల. అది నిజం. ఏమీ కావడం లేదు. ఏమీ కాకపోవడమే తప్పని తోచింది. కానీ దాన్ని ఏ పరీక్షలో చూపించగలదు? ఉన్నదాన్ని కొలవడానికి పరికరాలున్నాయి. రావలసినది రాకపోవడాన్ని కొలిచేది లేదు. ఇంకొక్కసారి వెళ్ళి, తనను తను జాగ్రత్తగా గమనించుకుని, అప్పుడు చెప్దామనుకుంది.

పదోసారి వెళ్ళింది. గుమ్మంలో తారిణి ఈసారి ఏమీ అడగలేదు.

*

సాంటియాగోలో తెల్లవారి కొంతసేపైంది. మృదుల నారింజపండు ఒలుచుకుంటుండగా శశిధర్ ఫోన్ చేశాడు.

"తారికి డెంగ్యూ. నిన్నటిదాకా మామూలు జ్వరమే అనుకున్నాం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. పొద్దున్న ముక్కులోంచి రక్తం వచ్చింది. ఐసీయూలో పెట్టారు."

"సరే. వస్తున్నా."

"మృదులా, నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను. డెంగ్యూ, ఐసీయూ. ఇవాళ విమానం ఉంది, బయల్దేరతాను."

"నీ గొంతులో ఏమీ లేదేంటి?" అన్నాడు శశిధర్. కోపంగా కాదు, చీకట్లో గోడ తడుముకునేవాడిలా. "అక్క ఇక్కడ నేల మీద కూర్చుని ఏడుస్తోంది. నేను ఫోన్ పట్టుకోలేకపోతున్నాను. నీ గొంతు మాత్రం కూరలవాడితో మాట్లాడినట్టుంది."

ఫోన్ పెట్టేశాక మృదుల నారింజపండు మొత్తం ఒలిచింది. తొనలు విడదీసి పళ్ళెంలో గుండ్రంగా పేర్చింది. రెండు తింది. అప్పుడు తన చేతులకేసి చూసుకుంది. నాడి పట్టుకుని చూసింది. మామూలుగా ఉంది. కూతురు చనిపోవచ్చు అని పైకి అంది. మాట గదిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆమె దాకా రాలేదు. తల్లి ఇలాంటప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. వార్డులో వందల మందిని చూసింది. అలా ఉండాలని తెలుసు. లోపల మాత్రం ఎవరో నెమ్మదిగా, ఓపిగ్గా, "ఇప్పుడేగా చూశావు, అదుగో, ఆ తలుపు అవతలే ఉంది" అని జోకొడుతున్నారు.

విమానాశ్రయానికి వెళ్ళే దారి పొడుగునా ఆమె ఒక్కటే ఆలోచించింది. పట్టీ పెట్టుకుంటే మరుక్షణం విశాఖలో ఉంటుంది. ఆసుపత్రికి వెళ్తుంది. పిల్ల బతికి ఉంటే ఆ మొహంలోకి ఇదే మొహం పెట్టుకుని చూస్తుంది. పిల్ల లేకపోతే, అప్పుడు కూడా ఇదే మొహం. పాప పక్క గదిలోకి వెళ్ళిందనుకుని బతికినన్నాళ్ళూ పాలు చూడమని కేకేస్తూ ఉంటుంది.

*

"ఏటండి మేడమ్, పట్టీ ఒద్దా?" విమానంలో సీట్ల మధ్య తిరుగుతున్న ఆశీర్వాదం ఆమె దగ్గర ఆగాడు. భీమిలి మనిషి. నలభై దాటిన వయసు. ఆ విమానంలో పట్టీ లేకుండా ప్రయాణించేది అతనూ, ఇంకొందరు సిబ్బందీ, పైలట్లూ మాత్రమే.

"వద్దు."

"సినిమాల్లేవండి, నెట్ లేదు. ఎవలికీ అక్కర్లేదని చెప్పీసి అన్నీ పీకీసారు. పంతొమ్మిది గంటలు ఏటి సేస్తారు?"

"తెలీదు. కూర్చుంటాను."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "నాకూ మాటాడ్డానికి ఒక మనిషి దొరికినట్టే. మొన్నొకాయన ఇదే సీట్లో కూకుని వాళ్ళ అమ్మాయిని మా అబ్బాయికి ఇచ్చేస్తానని మాటిచ్చీసాడు. దిగినప్పుడు నానెవలో తెలీనట్టు బేగు అందుకుని పోనాడు. కట్నం కూడా మాటాడుకోలేదు మరి."

విమానం లేచింది. కిటికీ కింద మంచు కొండలు వెనక్కి జరిగాయి. ఆ తర్వాత గోధుమరంగు బీడు, తర్వాత సముద్రం. చుట్టూ మూడు వందల మంది కళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. తింటున్నారు, నీళ్ళడుగుతున్నారు, ఒకరికొకరు దారి ఇస్తున్నారు. వాళ్ళలో ఎవరూ అక్కడ లేరు. తను వెళ్ళేటప్పుడు పదిసార్లు, వచ్చేటప్పుడు తొమ్మిదిసార్లు ఇలాగే కూర్చుంది. ప్రయోగశాలలో కొద్ది నిమిషాలు చూసిన దృశ్యమే. విమానం నిండా చూస్తే ఒళ్ళు జలదరించింది.

పక్క సీటాయన ఆమె వైపు తిరిగాడు. అరవై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, తల వెనక పట్టీ.

"తమరు విశాఖేనాండి?"

"అవునండి."

"నా పేరు రామభద్రరాజండి. మాది భీమవరం దగ్గరండి. రొయ్యల చెరువులున్నాయండి, ఇక్కడ మేత ఏదో బాగుంటుందంటే చూద్దామని వచ్చానండి. తమరికి పిల్లలాండి?"

"ఒక పాప."

"అదృష్టవంతులండి. ఇదిగోండి మా అమ్మాయి." ఫోన్‌లో ఫొటో చూపించి మురిసిపోయాడు. కాసేపు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అదే మర్యాదతో, అదే చిరునవ్వుతో ఆమె వైపు తిరిగాడు.

"తమరు విశాఖేనాండి?"

ఆయనలో ఏ మాటా నిలవదు. నిలవకుండా చేసింది తనే. మృదుల మళ్ళీ అన్నిటికీ జవాబు చెప్పింది. పిల్లలాండి అంటే, ఒక పాప, ఏడేళ్ళు అంది. ఆయన మళ్ళీ అంతే కొత్తగా ఫొటో చూపించి అంతే కొత్తగా మురిశాడు. భోజనాలయ్యాక మళ్ళీ అడిగాడు. ఈసారి ఎందుకో ఆమె, "ఒక పాప. ఒంట్లో బాగోలేదు" అంది.

"అయ్యో, జ్వరమాండి?"

"డెంగ్యూ."

"బెంగపడకండి. మా అమ్మాయికీ వచ్చిందండి, మంచం మీద పిల్ల పుల్లలా అయిపోయిందండి. ఇప్పుడు చూడండి, పెళ్ళికి లావయ్యానని ఏడుస్తోంది." ఆయన నవ్వాడు. ధైర్యం చెప్పాడు. మర్చిపోయాడు. మళ్ళీ తిరిగాడు.

ప్రతిసారీ ఆమె జవాబు కొంచెం పెరిగింది. ఐసీయూలో పెట్టారంది. ముక్కులోంచి రక్తం వచ్చిందంది. ప్రతిసారీ ఆయన మొహం మొదటిసారి విన్నవాడి మొహంలా వాడిపోయింది. ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది మృదుల. తన కూతురి జబ్బు తొలిసారి చెవిన పడ్డప్పుడు మనిషి మొహం ఎలా ఉండాలో అక్కడ, ఆ పరాయి మనిషిలో, మళ్ళీ మళ్ళీ జరుగుతోంది.

బయట చీకటి పడింది. ఆయన మరోసారి అడిగి, విని, కంగారుగా సీట్లో లేచి వెనక్కి చూశాడు. "పాప ఏదండి? వెనక సీట్లో పడుకోబెట్టారాండి? దుప్పటి కప్పారాండి?"

"ఇక్కడ లేదండి. విశాఖలో ఉంది."

"విశాఖలోనాండి?" ఆయన కిటికీ వైపు చూశాడు. అటు చీకటీ, కింద చీకటీ. "ఒంట్లో బాగోని పిల్ల అక్కడ, తమరు ఇక్కడ. అయ్యయ్యో. చాలా దూరం కదండి."

మృదుల నోరు తెరిచింది. అవునండి అనబోయింది.

దూరం. పదిహేడు వేల కిలోమీటర్లని ఆమెకు కంఠతా వచ్చు. ఆ అంకెకు ఇన్నాళ్ళూ ఒళ్ళు లేదు. ఇప్పుడు ఆ చీకటి అడుగున నీళ్ళున్నాయనీ, ఆ నీళ్ళు ఇంకా బోలెడంత ఉన్నాయనీ, వాటికి అవతల ఎక్కడో ఒక మంచం మీద తన పిల్ల ఉందనీ తెలిసింది. తలుపు అవతల కాదు. ఏ తలుపూ లేదు. తారిణి తల వాసన, చెమటా కొబ్బరినూనే కలిసిన వాసన, వచ్చింది. చెయ్యి చాపితే అందలేదు. ఈ ఒక్క ప్రయాణంలో రావలసిన బెంగే కాదు అది. ఎన్నిసార్లు వెళ్ళిందో, ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లు మనసు దాటకుండా వదిలేసిన సముద్రమంతా ఒక్కసారి మీదకొచ్చింది. గేటు చప్పుడుకి లేవని పిల్ల, దేనికోసమో తన మొహం వెతికిన పిల్ల. ముందు సీటుకి నుదురు ఆనించి, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది.

ఆశీర్వాదం పరిగెత్తుకొచ్చాడు. ఏడుపు మధ్య ఆమె చెప్పింది అతనికి ఎంత అర్థమైందో గానీ, పాప ఆసుపత్రిలో ఉందన్నది అర్థమైంది. ముందుకెళ్ళి అడిగి వచ్చాడు. "కెప్టెన్‌గారి ద్వారా కబురు కనుక్కోమంటే వీలవదంటున్నారండి." మెల్లగా జేబులోంచి పట్టీ తీశాడు. "ఇది ఎట్టీమంటారా? మరింకేటీ ఉండదు. ఇలాగనీసరికి విశాఖ వచ్చీసినట్టుంటాది."

"ఇంకా ఎంత ఉంది?"

"పదకొండు గంటలండి."

ఆమె పట్టీ వైపు చూసింది. దాని లోపలి మెత్త ఎంత ఉండాలో నిర్ణయించింది తనే. ఒక్క మీట. వార్డులో ఆ మనిషికి దాన్ని ఇవ్వడం తప్పు కాదు. ఇప్పుడు తను తీసుకున్నా ఎవరూ తప్పనరు. బిడ్డ ఉందో లేదో తెలియని పదకొండు గంటలు కూడా కాలిన ఒంటికి కట్టు మార్చడం లాంటివే. చెయ్యి ముందుకు సాగింది కూడా.

"పాపకి అక్కడ పట్టీ లేదు" అంది.

"ఏటండి?"

"ఈ పదకొండు గంటలూ అది అక్కడ పడుకుని ఉంటుంది. ఒక్కో నిమిషమూ. సూదులు గుచ్చుతారు, నన్ను అడుగుతుందో అడగదో... అంతసేపూ నేను కూడా ఉండాలి. వద్దు. తీసెయ్యి."

ఆశీర్వాదం పట్టీ జేబులో పెట్టుకున్నాడు. సీట్ల మధ్య దారిలో కూలబడి, సిబ్బంది కోసం పెట్టుకున్న అల్లం టీ ఫ్లాస్కు తెరిచాడు. పక్కన రామభద్రరాజు చిరునవ్వుతో ఆమె వైపు తిరిగాడు.

"తమరు విశాఖేనాండి?"

*

మర్నాడు మధ్యాహ్నం విశాఖలో దిగేసరికి ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మిగతావాళ్ళు తాజా మొహాలతో బ్యాగులు అందుకుంటున్నారు. ఫోన్ ఆన్ చెయ్యగానే మోగింది. శశిధర్ అనుకుని తీసింది. ప్రభంజనరావు.

"మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడానమ్మా. పాపని తెల్లవారుజామున గదిలోకి మార్చారట. ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి. గండం గడిచింది, నువ్వు కంగారుపడకు. ఏం, ప్రయాణం బాగా జరిగిందా?"

మృదుల నడుస్తున్న చోటే ఆగి గోడకి ఆనుకుంది.

"బెంగేసింది సర్."

"ఆఁ?"

"చచ్చిపోతానేమో అన్నంత బెంగేసింది. వచ్చే నెల తెరవొద్దు సర్. నేను సరేననను. ఎవరడిగినా ఇదే చెప్తాను." ఆయన ఏదో అనబోతుంటే, "పాప దగ్గరికి వెళ్ళాలి" అని పెట్టేసింది.

ఆసుపత్రి వరండాలో సత్యవేణి కూర్చుని ఉంది. మరదలి మొహం చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేసి, పక్కకి జరిగి తలుపు చూపించింది. "మేలుకునే ఉంది. వెళ్ళు. నేను కింద ఉన్న శశికి రెండు ఇడ్లీలు పెట్టించొస్తాను, నిన్నటి నుంచి గడ్డి కూడా కరవలేదు వాడు."

గదిలో తారిణి గోడవైపు తిరిగి పడుకుంది. చేతికి సెలైన్. మెడ వెనక ఎముక తేలి కనిపిస్తోంది. తలుపు చప్పుడు విన్నది, కానీ తిరగలేదు.

"తారీ."

"వచ్చావా" అంది గోడతో.

మృదుల మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. నుదుటి మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. అడగకుండా వేసే హక్కు ఉందో లేదో తెలియలేదు. ఎక్కడో ఆపిన మాట అందుకుని మొదలుపెట్టడానికి ఈసారి ఏ మాటా లేదు.

తారిణే అడిగింది. "ఇప్పుడే ఎక్కి ఇప్పుడే దిగావా? ఎప్పట్లాగే?"

"లేదమ్మా. ఈసారి చాలాసేపు పట్టింది."

"ఎంతసేపు?"

"పంతొమ్మిది గంటలు."

గోడవైపున్న తల కొంచెం కదిలింది. "అంతసేపు ఏం చేశావు?"

"మొదట మంచు కొండలు దాటాం" అంది మృదుల. "పైనుంచి చూస్తే ఉప్పు కుప్పల్లా ఉన్నాయి. తర్వాత ఒక పెద్ద బీడు. ఇల్లు లేదు, చెట్టు లేదు. దాని తర్వాత సముద్రం వచ్చింది. మన బీచ్‌లో కనిపించేది కాదు, ఎంతకీ అవ్వదు. చూస్తుండగానే చీకటి పడిపోయింది. నా పక్కన ఒక రాజుగారు కూర్చున్నారు. ఆయన నన్నొక్కటే ప్రశ్న అడిగేవారు, జవాబు చెప్పగానే మర్చిపోయేవారు, మళ్ళీ అడిగేవారు..."

అక్కడికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. పిల్లలున్నారా అని రాజుగారు అడిగారనీ, దానికి తను ఏమందో కూడా చెప్పాలి. కిటికీ బయట అంబులెన్స్ ఏదో వచ్చి ఆగింది. సెలైన్ చుక్క చుక్కగా దిగుతోంది.

"ఊఁ" అంది తారిణి, గోడవైపు నుంచి.